యమ్మెల్యేకు ‘ఎ’నా, ‘యాన్’నా?

రాష్ట్రాలకు అప్పులున్నాయి, నీటి తగాదాలున్నాయి. అవి ఏదో ఒకనాటికి తేలతాయి. ఇంగ్లీషులో ఎమ్మెల్యే ముందు ‘ఎ’ పెట్టాలా, ‘యాన్’ పెట్టాలా అన్నది మాత్రం ఫ్లెక్సీలు కొట్టే దుకాణాల్లో ఇప్పటికీ పెండింగే.

బళ్లో చెప్పింది చిన్న సూత్రం. ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే అయిదక్షరాల ముందు యాన్, మిగతా వాటి ముందు ఎ. దీన్ని బట్టీపట్టి పాసైనవాళ్లే తర్వాత దరఖాస్తుల్లో ‘యాన్ యూనివర్సిటీ’ అని రాస్తారు. ఎ, యాన్ అనే ఈ ఇంగ్లీషు ఆర్టికల్‌కు కళ్లు లేవు, ఉన్నది చెవే. నోట అచ్చు పలికితే యాన్, హల్లు పలికితే ఎ. యూనివర్సిటీ, యూరోపియన్, యూపీఐ మూడూ ‘య’తో మొదలవుతాయి కాబట్టి ఎ. హెచ్ రాసి నోరు మెదపని ‘అవర్’కు యాన్.

పొడి అక్షరాల దగ్గరే అసలు తిరకాసు. ఏ, ఈ, ఎఫ్, హెచ్ (ఇంగ్లీషువాళ్ల నోట ఎక్కువగా ‘ఎయిచ్’), ఐ, ఎల్, ఎమ్, ఎన్, ఓ, ఆర్, ఎస్, ఎక్స్: ఈ 12 అక్షరాల పేర్లకు ముందు అచ్చుంది. అందుకే ఎఫ్‌ఐఆర్‌కు యాన్. దాన్నే విప్పి ‘ఫస్ట్ ఇన్ఫర్మేషన్ రిపోర్ట్’ అంటే ఎ. నాసాను ఎవరూ ఎన్-ఏ-ఎస్-ఏ అని విడదీసి చదవరు, దానికీ ఎ. పోలీసు శాఖలో ఇది సర్వీసు సమస్య కూడా. ఎస్సైకి ఉన్న యాన్, ప్రమోషన్ వచ్చి సీఐ కాగానే పోతుంది. డీఎస్పీ అయినా రాదు. అడిషనల్ ఎస్పీ దాకా ఓపిక పట్టాలి.

రాజకీయాల్లో ఇంకా కఠినం. ఆర్టికల్ పక్కనున్న మాటనే చూస్తుంది. పదవిలో ఉన్నన్నాళ్లూ ‘యాన్ ఎమ్మెల్యే’, ఓడితే ‘ఎ ఫార్మర్ ఎమ్మెల్యే’. అనుచరులు తెలివైనవాళ్లయితే ‘ఎక్స్-ఎమ్మెల్యే’ అని వేయించి యాన్‌ను కాపాడతారు.

ఇంతా చేసి, తెలుగువాడి నోట్లో ‘ఎమ్’ మొదట్లోని ‘ఎ’ అచ్చు నిలుస్తుందా? మా, అమ్మ కలిస్తే మాయమ్మ అయినట్టు, ఎమ్‌కు కూడా యడాగమం చేసి యమ్మెల్యే, యస్సై అంటాం. పాత శుభలేఖల మీద వరుడు యం.ఏ., యల్.యల్.బి. చెవే ప్రమాణమైతే, ‘య’ హల్లే కదా, ‘ఎ యమ్మెల్యే’ శుద్ధ వ్యాకరణం. ఫ్లెక్సీ కుర్రాణ్ని సన్మానించాలి. కాదనే హక్కు ఇంగ్లీషువాళ్లకు లేదు: ఒకప్పటి ‘ఎ నేప్రన్’ను తప్పుగా విరిచి విని ‘యాన్ ఏప్రన్’ చేసుకున్నది వాళ్లే.

హెచ్ వన్ బీ కేసు మరీ చిక్కు. శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు మనవాడు ‘హెచ్’ అంటాడు, కనుక ఎ. డాలస్‌లో ఆరు నెలలుంటే నాలుక తిరిగి ‘ఎయిచ్’ అవుతుంది, యాన్ వస్తుంది. సంక్రాంతికి ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడగానే మళ్లీ ఊడుతుంది. పాస్‌పోర్టులో స్టాంపు మాత్రం అదే.