అడగాల్సింది ఫీజు మాఫీ కాదు, వడ్డీ తగ్గింపు

2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును క్రెడిట్ కార్డు వాడేవారిలో చాలామంది పట్టించుకోలేదు. కార్డు బాకీపై ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఆదేశాన్ని కోర్టు కొట్టివేసింది. వడ్డీ సంగతి రిజర్వు బ్యాంకు చూసుకోవాలంది. రిజర్వు బ్యాంకేమో, గరిష్ఠ వడ్డీ ఎంతో ఎవరికి వారే నిర్ణయించుకోవాలని బ్యాంకులకు చెబుతుంది తప్ప అంకె తాను చెప్పదు. ఇక బేరం కార్డుదారుడే ఆడుకోవాలి.

మనం బేరమాడని జనం కాదు. కాకపోతే ఏడాదికోసారి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి వార్షిక రుసుము ఎత్తేయించుకుని, అయిదు వందలో వెయ్యో మిగిలిందని సంబరపడి ఊరుకుంటాం. నెలనెలా బాకీ మోస్తున్నవారికి అది చిల్లర లెక్క.

లక్ష రూపాయల బాకీనే చూడండి. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 3,500. దానిపై 18 శాతం జీఎస్టీ 630. బిల్లులో ఆ నెలకు తప్పక కట్టాలని చూపే ‘కనీస మొత్తం’ కింద 5,000 కడితే అసలులో తగ్గేది 870 రూపాయలే. పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. ఆ కార్డుతో కొన్న పాల ప్యాకెట్‌కూ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. అదే లక్షను ఏడాదికి 16 శాతం వడ్డీతో 24 నెలల ఈఎంఐగా మార్పించుకుంటే వాయిదా 4,896 రూపాయలు, వడ్డీ భాగంపై జీఎస్టీ అదనం. జేబులోంచి పోయేది దాదాపు అంతే. రెండేళ్లకు బాకీ ఉండదు.

యాప్‌లో మొదట కనిపించే ఈఎంఐ రేటే ఆఖరు మాట అనుకోనక్కర్లేదు. మరో బ్యాంకు ఇస్తానన్న వ్యక్తిగత రుణం రేటు చేతిలో ఉంటే మాటకు బలం వస్తుంది. ప్రాసెసింగ్ రుసుమెంత, ముందే తీర్చేస్తే చార్జీ పడుతుందా అన్నవీ అప్పుడే తేల్చుకోవాలి. ఫోన్‌లో సరేనన్నది మెయిల్‌లో రావాలి.

ఇదంతా వాయిదాలు సక్రమంగా కడుతున్నప్పుడే. కట్టడం ఆపేస్తే బ్యాంకే దిగివచ్చి సగానికి ఒప్పుకుంటుందని వీడియోల్లో ఊదరగొట్టేవారున్నారు. నా దృష్టిలో ఇంతకంటే చెడ్డ సలహా లేదు. అలా తెగ్గొట్టుకున్న బాకీ మన అప్పుల చరిత్ర చెప్పే క్రెడిట్ నివేదికలో ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. రేపు ఇంటి రుణానికి వెళ్లినప్పుడు అది అడ్డుపడుతుంది. ఉద్యోగం పోయినవారి, జబ్బున పడినవారి సంగతి వేరు. వారికి వేరే దారి లేకపోవచ్చు. అయినా ఒప్పంద పత్రం చేతికి రాకముందు పైసా కట్టకూడదు. వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న నిబంధన వారికీ వర్తిస్తుంది. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో బదులివ్వకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, ఖర్చేమీ లేదు.

బేరం కుదరక, తక్కువ వడ్డీకి వేరేచోట అప్పు తెచ్చి తీర్చేసినవారు ఆ పాత కార్డును రద్దు చేయమని అడగవచ్చు. 2022 నిబంధనల ప్రకారం బ్యాంకు ఏడు పనిదినాల్లో ఆ పని చేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుడికి బ్యాంకే చెల్లించాలి.