సమీక్షకుల కొలబద్ద గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కొలబద్ద గారికి,

2004 జనవరి 18న అమెరికాలో షోటైమ్ చానల్ 'ది ఎల్ వర్డ్' అనే సీరియల్ ప్రసారం మొదలుపెట్టింది. లాస్ ఏంజెలెస్‌లోని లెస్బియన్ స్నేహితురాళ్ల ప్రేమలు, తగాదాలు, అబద్ధాలు అందులో కథ. అది లెస్బియన్లందరికీ సరైన ప్రాతినిధ్యం ఇస్తోందా లేదా అని సమీక్షకులు తమరితో కొలుస్తూనే ఉన్నారు; అప్పటి నుంచి తమరికి తీరిక లేదని తెలిసి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తమరు తీసిన మొదటి లోపం, అందరూ మరీ అందంగా, మరీ నాజూగ్గా, మరీ డబ్బున్నవాళ్లుగా ఉన్నారని. నిజమే. ప్లానెట్ అనే ఆ కాఫీ క్లబ్బులో పొద్దస్తమానం కబుర్లాడే వాళ్లు ఉద్యోగాలకు ఎప్పుడు వెళతారో నాకూ అర్థం కాలేదు. అయితే మన్‌హాటన్‌లో పత్రికకు కాలమ్ రాసుకుంటూ ఖరీదైన చెప్పులు కొనే కథానాయిక ఉన్న సీరియల్ కూడా ఆ రోజుల్లోనే నడిచింది. ఆమె ఖర్చు చూసి నవ్వినవారున్నారు గానీ, ఆడామగా ప్రేమలకు ఇక పరువు దక్కదని బెంగపడినవారు లేరు. తమరు ఆ ఇంటి గడప తొక్కినట్టు లేరు.

మగవాళ్ల కంటికి విందుగా తీశారన్నది రెండో లోపం. రెండో సీజన్‌లో నిర్మాతలు ఈ ఫిర్యాదుకు మనిషి రూపమే ఇచ్చారు. మార్క్ అనే కుర్రవాడు ఆ స్నేహితురాళ్లలో ఇద్దరుండే ఇంట్లో అద్దెకు దిగి, రహస్యంగా కెమెరాలు పెట్టి ఆడవాళ్లను చూస్తాడు. ప్రేక్షకుడిని తెచ్చి కథలోనే నిలబెట్టి నిలదీశారన్నమాట. ఆ పాత్ర బాగా కుదిరిందని నేననను. కానీ విమర్శకు కథలోనే జవాబు చెప్పబోయిన సీరియళ్లు ఎన్నుంటాయి?

ఈవ్ కొసోఫ్‌స్కీ సెడ్జ్‌విక్ అనే పండితురాలు ఆ తొలి రోజుల్లోనే అసలు కొత్తదనం ఎక్కడుందో పట్టుకున్నారు. తెరమీద లెస్బియన్ అంటే ఒంటరి మనిషో, ఒక జంటో మాత్రమే కాకుండా ఒక లోకమే కనబడటం ఆవిడకు ముఖ్యమనిపించింది. ఎవరికి ఎవరితో సంబంధం ఉండేదో ఆ స్నేహితురాళ్లలో ఒకరైన ఆలిస్ గీతలు గీసి చూపే పటం ఆ లోకానికి వంశవృక్షం. తమరు మాత్రం ఆ పటాన్ని పక్కకు నెట్టి పాత్రధారుల నడుములు కొలిచారు.

తమరి మాటలన్నీ తప్పని కాదు. మూడో సీజన్‌లో వచ్చిన ట్రాన్స్ పురుషుడు, అంటే ఆడపిల్లగా పుట్టి మగవాడిగా మారే మాక్స్‌ను ఆ రచయితలు నడిపించిన తీరు చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. హార్మోన్లు మొదలవగానే కోపిష్టివాడయ్యాడు. చివరికి గర్భం, దానితోపాటు అవమానం. అదే మూడో సీజన్‌లో స్నేహితురాళ్లలో ఒకరైన డేనాను రొమ్ము క్యాన్సర్‌తో చంపేసినందుకు అభిమానులు పడిన బాధా న్యాయమైనదే. ఆరో సీజన్ మొదట్లోనే ఈతకొలనులో ముఖ్యపాత్ర జెన్నీ శవాన్ని చూపి, 2009 మార్చిలో హంతకులెవరో చెప్పకుండానే తెర దించడం మాత్రం ఏ లైంగికతకూ సంబంధించిన తప్పు కాదు. అది శుద్ధ బద్ధకం. అక్కడ తమరిని ఎంత గట్టిగా వాడినా నాకు అభ్యంతరం లేదు.

నా మనవి ఒక్కటే. బద్ధకపు కథను బద్ధకపు కథగా తిట్టండి. ఒక జాతి మొత్తానికి ప్రతినిధి సభ ఎన్నికలు జరుగుతున్నట్టు డెబ్బై ఎపిసోడ్లనూ ఓట్లు లెక్కించినట్టు లెక్కించకండి. అంత ఓపిక మిగిలితే, భార్యను మోసగించే డిటెక్టివుల సీరియళ్లు బోలెడున్నాయి. మగజాతికి అవి సరైన ప్రాతినిధ్యం ఇస్తున్నాయో లేదో కొలిచి నాకు కబురు పెట్టండి.

ఇట్లు,
ఆరు సీజన్లూ తిట్టుకుంటూనే చూసిన ఒక ప్రేక్షకురాలు