డాడ్జర్స్ మన టీమ్ కాదు

2025 వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్, అయిపోయింది. డాడ్జర్స్ మళ్లీ గెలిచారు, వరుసగా రెండో ఏడాది. ఆ రాత్రి నుంచి మా తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో నీలం హార్ట్‌లు (డాడ్జర్స్ రంగు) ఆగడం లేదు. సన్నీవేల్, ఫ్రీమాంట్, మిల్పిటాస్‌లలో ఉంటున్నవాళ్లు, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ స్టేడియానికి గంట దూరంలో ఉంటున్నవాళ్లు, లాస్ ఏంజెలెస్ టీమ్ గెలిచిందని పండగ చేసుకుంటున్నారు. "అన్నా, మీ జెయింట్స్ ఎలాగూ లేరు. డాడ్జర్స్ కూడా మన కాలిఫోర్నియా టీమే కదా, ఒక్క మంచి మాట అనొచ్చుగా" అని ఒక తమ్ముడు రాశాడు. ఇంకొకాయన "అంత అసూయ మంచిది కాదు బాస్" అన్నాడు. రెండు లైన్లలో తేలే విషయం కాదు కాబట్టి గ్రూప్‌లో జవాబివ్వలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ కాలిఫోర్నియా మాట సంగతి. ఒక బెంగళూరు ఫ్యాన్‌ని పట్టుకుని "మీవాళ్లు ప్లేఆఫ్స్‌కి రాలేదుగా, చెన్నై కూడా సౌత్ టీమే, ఫైనల్లో వాళ్లు గెలవాలని కోరుకో" అని చెప్పి చూడండి. ఏం సమాధానం వస్తుందో మనందరికీ తెలుసు. దగ్గర ఉన్నవాళ్లతోనే పంతం ఉంటుంది. ముఖం ఎప్పుడూ చూడనివాడితో ఏం పంతం? జెయింట్స్, డాడ్జర్స్ ఒకే డివిజన్‌లో, అంటే లీగ్‌లోని ఒకే గ్రూప్‌లో ఉన్నారు. వేసవంతా ఒకే స్థానం కోసం కొట్టుకుంటారు. 2022 దాకా ఏటా 19 సార్లు ఎదురుపడేవాళ్లు, ఇప్పుడు 13 సార్లు. అన్నిసార్లు ఎదురుపడే టీమ్‌ని, అక్టోబర్ రాగానే మా చుట్టాలు అని ఎలా అనుకోమంటారు?

అసలు ఈ పంతం పుట్టింది కాలిఫోర్నియాలో కూడా కాదు. రెండూ న్యూయార్క్ టీమ్‌లు. జెయింట్స్‌ది మాన్‌హట్టన్, డాడ్జర్స్‌ది బ్రూక్లిన్. 1957 సీజన్ అవగానే రెండు టీమ్‌లూ కలిసి దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేశాయి, పగ కూడా సామానుతో పాటే వచ్చింది. అప్పటికే 1951 జరిగిపోయింది. సీజన్ చివర ఇద్దరూ సమానంగా నిలిస్తే మూడు మ్యాచ్‌ల టై బ్రేకర్ ఆడారు. మూడో మ్యాచ్ ఆఖరి ఇన్నింగ్స్‌లో బాబీ థామ్సన్ కొట్టిన హోమ్ రన్‌తో (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) జెయింట్స్ గెలిచారు. ఆ ఏడాది జెయింట్స్ టెలిస్కోప్ పెట్టి ప్రత్యర్థి క్యాచర్ తన పిచ్చర్‌కి (బంతి వేసేవాడికి) చేసే సైగలు దొంగిలించారని తర్వాత బయటపడింది. డాడ్జర్స్ ఫ్యాన్స్ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతారు. ఎత్తాలి కూడా. వాళ్ల స్థానంలో నేనుంటే చచ్చేదాకా ఎత్తేవాణ్ని.

నాకు అంతకన్నా ఇష్టమైనవి 1982, 1993. ఈ రెండూ తెలిస్తే నన్ను "మీ టీమ్ లేదుగా, నీకెందుకు" అని అడగరు. 1982లో సీజన్ ఆఖరి రోజుకు ముందు రోజే జెయింట్స్ అవకాశం పోయింది, పోగొట్టింది డాడ్జర్సే. మర్నాడు డాడ్జర్స్ గెలిస్తే వాళ్లకు డివిజన్ టైటిల్ ఆశ ఉండేది. మావాళ్లకు ఆ మ్యాచ్ వల్ల వచ్చేది ఏమీ లేదు. మా జో మోర్గన్ హోమ్ రన్ కొట్టి డాడ్జర్స్‌ని ఇంటికి పంపాడు. టైటిల్ అట్లాంటాకి పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈనాటికీ ఆ హోమ్ రన్ గురించి గెలిచిన కప్పు గురించి చెప్పినట్టు చెబుతారు. పదకొండేళ్ల తర్వాత డాడ్జర్స్ బాకీ తీర్చేశారు. 1993లో జెయింట్స్ 103 మ్యాచ్‌లు గెలిచి ఆఖరి రోజు లాస్ ఏంజెలెస్‌లో ఆడారు. పోటీలో ఎప్పుడో వెనకబడిపోయిన డాడ్జర్స్ 12-1తో చితక్కొట్టారు. 103 గెలిచిన టీమ్ ప్లేఆఫ్స్ చూడలేదు. సొంతంగా ఏ లాభం లేని రోజున కూడా ఎదుటివాడిని ఆపడం కోసం ప్రాణం పెట్టి ఆడారు, రెండు వైపులా. ఆటగాళ్లే అలా ఆడితే, చూసేవాళ్లం మేం ఎందుకు తటస్థంగా ఉండాలి?

ఇవన్నీ నేను విన్నవి, చదివినవి. 2021 మాత్రం నేను చూశాను.

ఆ ఏడాది జెయింట్స్ మీద ఎవరికీ పెద్ద ఆశలు లేవు. 107 మ్యాచ్‌లు గెలిచారు, టీమ్ చరిత్రలోనే ఎక్కువ. డాడ్జర్స్ 106. అంతకుముందు వరుసగా ఎనిమిదేళ్లు డివిజన్ వాళ్లదే, ఆ వరుసను ఒక్క మ్యాచ్ తేడాతో తెంపాం. తర్వాత ప్లేఆఫ్స్‌లో మళ్లీ వాళ్లే ఎదురయ్యారు. నూరేళ్లకు పైగా ఆడుతున్న ఈ రెండు టీమ్‌లు ప్లేఆఫ్ సిరీస్‌లో తలపడడం అదే మొదటిసారి. 1951 టై బ్రేకర్ లాంటివి రికార్డుల్లో రెగ్యులర్ సీజన్ కిందకే వస్తాయి. ఐదు మ్యాచ్‌ల సిరీస్ రెండు రెండుతో సమానమై ఐదో మ్యాచ్‌కి వచ్చింది. అక్టోబర్ 14, మా మైదానంలో. మా పిచ్చర్ లోగన్ వెబ్ ఏడు ఇన్నింగ్స్‌లలో ఒక్క పరుగే ఇచ్చాడు. ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 1-1. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఆ సీజనంతా బ్యాట్ సరిగ్గా ఆడని డాడ్జర్స్ బ్యాటర్ కోడీ బెలింజర్ కొట్టిన సింగిల్‌తో 2-1 అయింది.

మా వంతు వచ్చింది. డాడ్జర్స్ మామూలుగా మ్యాచ్ మొదలుపెట్టే తమ స్టార్టింగ్ పిచ్చర్ మాక్స్ షెర్జర్‌ని తెచ్చి ఆఖరి ఇన్నింగ్స్ వేయించారు. రెండు అవుట్లు, ఫస్ట్ బేస్ మీద మనిషి ఉన్నాడు, బ్యాటింగ్‌లో విల్మర్ ఫ్లోరెస్, రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే అవుట్. ఒక్క పెద్ద దెబ్బ తగిలితే ఆట మాది. షెర్జర్ బంతి బయటికి జారింది. అలాంటి బంతికి బ్యాట్ పూర్తిగా తిప్పితే స్ట్రైక్, మధ్యలో ఆపేస్తే కాదు. ఫ్లోరెస్ బ్యాట్ కదిలించి, ఆపేశాడు. ఆపేశాడని నేను అన్నాను, స్టేడియంలో నలభై వేల మంది అన్నారు, రీప్లే చూసిన మామూలు మనిషి ఎవరైనా అంటాడు. ఫస్ట్ బేస్ అంపైర్ మాత్రం చెయ్యి పైకెత్తాడు. స్ట్రైక్. మ్యాచ్ అయిపోయింది, 107 గెలుపుల సీజన్ అయిపోయింది. అలాంటి నిర్ణయాన్ని రివ్యూ అడిగే వీలు కూడా లేదు. ఆ సీజన్‌లో, ఆ సిరీస్‌తో కలిపి, రెండు టీమ్‌లూ 24 సార్లు ఆడాయి. చెరి పన్నెండు గెలిచాయి. అంత సమానమైన పోటీ బ్యాట్ ఆగిందా లేదా అన్న దగ్గర తేలిపోయింది.

ఫ్లోరెస్ ఆ తర్వాత కొట్టేవాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. అవుటయ్యే అవకాశమే ఎక్కువ. కానీ ఇంకో బంతి ఆడే హక్కు అతనికి ఉంది, అది దక్కలేదు. కొన్ని వారాలకే బస్టర్ పోజీ రిటైర్ అయ్యాడు. 2010, 2012, 2014లో మాకు మూడు కప్పులు తెచ్చిన క్యాచర్ అతను. మాకోసం అతను ఆడిన ఆఖరి మ్యాచ్ అదే. అప్పటి నుంచి జెయింట్స్ మళ్లీ ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. 2025లో 81 గెలుపులు, 81 ఓటములు. డాడ్జర్స్ డివిజన్ పోగొట్టుకోలేదు, పైగా రెండు కప్పులు గెలిచారు. ఇప్పుడు చెప్పండి, నేను నీలం హార్ట్ పెట్టాలా?

ఈసారి ఏడో మ్యాచ్ చూస్తూ మిస్సిసాగాలో ఉండే మా బావతో ఫోన్‌లోనే ఉన్నాను. టొరంటోకి 1993 తర్వాత కప్పు రాలేదు. అక్కడి మనవాళ్లు ఈ అక్టోబర్‌లో క్రికెట్ పక్కన పెట్టేసి బ్లూ జేస్‌కి అతుక్కుపోయారు. నేనూ వాళ్లలో ఒకణ్నయిపోయాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో టొరంటో 4-3తో ముందుంది, కప్పుకి రెండు అవుట్ల దూరం. డాడ్జర్స్ జట్టులో మిగేల్ రోహాస్, ఏ పిచ్చరూ భయపడని బ్యాటర్, హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. "బావా, అయిపోయింది" అని మా బావ అన్నాడు. "ఇంకా అవలేదు" అన్నాను. పదకొండో ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ ఇంకొకటి కొట్టాడు. 5-4. మా బావ ఏమీ మాట్లాడలేదు. వాళ్లకు అది మొదటి దెబ్బ. మాకు అలవాటైనదే, అయినా బాధలో తేడా ఏమీ లేదు.

నన్ను అన్నిటికన్నా కుదిపేసింది హోమ్ రన్‌లు కావు, డాడ్జర్స్ పిచ్చర్ యమమోటో. ముందు రోజు రాత్రి ఆరు ఇన్నింగ్స్ వేసిన పిచ్చర్ మర్నాడు మళ్లీ వచ్చి ఆఖరి ఎనిమిది అవుట్లు తీశాడు. 2014లో మా మాడిసన్ బమ్‌గార్నర్ ఇలాగే చేశాడు. ఐదో మ్యాచ్ మొత్తం తనే వేసి, రెండు రోజుల విశ్రాంతితో ఏడో మ్యాచ్‌లో వచ్చి ఐదు ఇన్నింగ్స్‌లు ఒక్క పరుగు ఇవ్వకుండా ముగించాడు. జెయింట్స్ ఫ్యాన్‌గా నేను భద్రంగా దాచుకున్న జ్ఞాపకం అది. "ఇలాంటిది మీ టీమ్‌లో ఎవరైనా చేశారా?" అని డాడ్జర్స్ వాళ్లను అడిగే ప్రశ్న. ఇక అడగలేను. యమమోటో చేసింది గొప్ప పని, అందులో నాకు ఏ సందేహమూ లేదు. గొప్ప పని కాబట్టే అంత నొప్పి.

అసూయ అన్న పెద్దమనిషికి ఇప్పుడు వస్తాను. డబ్బు మీద, కప్పుల మీద అసూయే అయితే అది నాకు న్యూయార్క్ యాంకీస్ మీద ఉండాలి. 27 కప్పులు, అంత డబ్బు. యాంకీస్‌ని చూస్తే నాకు ఏమీ అనిపించదు. 2024లో వాళ్లు డాడ్జర్స్‌తో ఆడుతుంటే వాళ్లు గెలవాలని నిజంగా దండం పెట్టుకున్నాను. ఐదో మ్యాచ్‌లో 5-0 ఆధిక్యం పోగొట్టుకుంటే నా సొంత టీమ్ పోగొట్టుకున్నంత కోపం వచ్చింది. డాడ్జర్స్ కప్పులు కొనుక్కున్నారని వాదించే జెయింట్స్ ఫ్యాన్స్ చాలామంది ఉన్నారు. నేను ఆ వాదనలో లేను. షోహెయ్ ఒహ్తానికి డాడ్జర్స్ పదేళ్లకు 70 కోట్ల డాలర్లు రాసిచ్చిన మాట నిజమే. మేమూ దాదాపు అంతే ఇస్తామన్నామని అప్పటి మా మేనేజ్‌మెంటే చెప్పింది. అతను రాలేదు. మొన్నటి ఏడో మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్ హోమ్ రన్ కొట్టిన మాక్స్ మన్సీని 2017లో మా పక్కనున్న ఓక్లాండ్ వదిలేసింది. ఎవరైనా తీసుకోవచ్చు, డాడ్జర్స్ తీసుకుని తయారుచేశారు. మా ఓనర్ల దగ్గరా డబ్బుంది. డాడ్జర్స్ బాగా నడుపుతున్నారు, మావాళ్లు నడపలేకపోయారు. అది మావాళ్ల మీద కోపం, వేరే ఖాతా.

డాడ్జర్స్ మీద ఉన్నది వేరు. వాళ్ల ప్రతి సంతోషం వెనక మా ఒక బాధ ఉంది, మా ప్రతి సంతోషం వెనక వాళ్లది. యాంకీస్‌తో మాకు ఆ లెక్క లేదు.

"బీట్ ఎల్ఏ" (లాస్ ఏంజెలెస్‌ని ఓడించండి) అని మా స్టేడియంలో అరుస్తారు కదా, ఆ అరుపు మాది కాదు, బేస్‌బాల్‌ది కూడా కాదు. 1982లో బోస్టన్‌లో బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్స్ ఏడో మ్యాచ్. సొంత మైదానంలో బోస్టన్ సెల్టిక్స్ ఫిలడెల్ఫియా చేతిలో ఓడిపోతున్నారు. ఫిలడెల్ఫియా కూడా వాళ్లకు పాత శత్రువే. ఓటమి ఖాయమని తెలిశాక బోస్టన్ జనం లేచి, తమను ఓడించినవాళ్లతోనే "బీట్ ఎల్ఏ" అన్నారు. ఫైనల్లో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ని కొట్టండి అని. తమ టీమ్ పోయిన నిమిషంలో కూడా వాళ్లకు ఎవరు గెలవకూడదో స్పష్టంగా తెలుసు. నన్ను "న్యూట్రల్‌గా ఆటను ఆస్వాదించు" అనేవాళ్లకు నేను చూపించేది ఈ సంఘటననే. ఆ జనం ఆటను ఆస్వాదించలేదని ఎవరు అంటారు?

ఒక విషయంలో మాత్రం నేను చాలా కఠినంగా ఉంటాను. 2011లో సీజన్ మొదటి రోజున డాడ్జర్ స్టేడియం పార్కింగ్ స్థలంలో ఒక జెయింట్స్ ఫ్యాన్‌ని, ఇద్దరు పిల్లల తండ్రిని, కొట్టి పడేశారు. మెదడుకి దెబ్బ తగిలి ఆయన జీవితమే మారిపోయింది. దాన్ని పంతం అనకూడదు, అది నేరం. ఆ సంగతి ఎత్తి రెచ్చగొట్టే డాడ్జర్స్ ఫ్యాన్‌తోనూ, దానికి బదులు తీర్చుకోవాలనే జెయింట్స్ ఫ్యాన్‌తోనూ నాకు మాటలు లేవు. మైదానంలో కూడా హద్దు దాటిన రోజుంది. 1965 ఆగస్టులో మా పిచ్చర్ హ్వాన్ మారిషాల్ బ్యాట్‌తో డాడ్జర్స్ క్యాచర్ జాన్ రోజ్‌బరో తల మీద కొట్టాడు. నా టీమ్ చరిత్రలో నేను సిగ్గుపడే రోజు అది. తర్వాత ఇద్దరూ స్నేహితులయ్యారు. మారిషాల్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ ఇవ్వాలని రోజ్‌బరోయే అడిగాడు, 1983లో వచ్చింది.

డాడ్జర్స్ పిచ్చర్ క్లేటన్ కెర్షా విషయం కూడా చెప్పాలి. 18 సీజన్లు ఒకే టీమ్‌కి ఆడాడు, అందులో మమ్మల్ని ఎన్నిసార్లు ఏడిపించాడో. సెప్టెంబర్‌లో సొంత మైదానంలో అతని చివరి రెగ్యులర్ సీజన్ స్టార్ట్ మా మీదే. టీవీ ముందు నేనూ లేచి నిలబడ్డాను. ఒహ్తాని మిల్వాకీ మీద ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్‌లు కొట్టి, పది మందిని స్ట్రైకవుట్ చేసినప్పుడు నా కొడుకుని పిలిచి చూపించాను. ఆటగాడిని మెచ్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కప్పు ఆ టీమ్ చేతికి పోకూడదు, అంతే నేను కోరేది.

ఇప్పుడు పోజీ మా టీమ్‌ని నడిపే కుర్చీలో ఉన్నాడు. కొత్త మేనేజర్‌గా టోనీ విటెల్లో వచ్చాడు, కాలేజీ బేస్‌బాల్ నుంచి నేరుగా. ఏమవుతుందో చూడాలి. డాడ్జర్స్ చెడిపోవాలని, ప్లేఆఫ్స్‌కి రాకూడదని నేను కోరుకోవడం లేదు. రావాలి, మేమూ రావాలి. ఈ రెండు టీమ్‌లు లీగ్ ఫైనల్లో, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఇంతవరకు తలపడలేదు. నాకు కావలసింది ఆ సిరీస్. ఏడో మ్యాచ్ మా మైదానంలో జరగాలి, చివర్లో బ్యాటింగ్‌లో మావాడు ఉండాలి. అది ఎప్పుడు జరిగినా, గ్రూప్‌లో నీలం హార్ట్ పెట్టిన తమ్ముడూ, ఆ రోజు మా ఇంటికి రా. నీ టీషర్ట్ వేసుకునే రా. భోజనం మా ఇంట్లోనే, కానీ సోఫాలో నా పక్కన మాత్రం కూర్చోకు.