గోలీ, చారు, రీఫండూ

2025 ఏప్రిల్ 13 రాత్రి. న్యూజెర్సీలో మా డైనింగ్ టేబుల్‌కి ఈ కొసన నేను, ఆ కొసన మా అమ్మాయి. నా ముందు 1099-జీ అనే కాగితం. అంతకు ముందు ఏడాది పన్ను ఎక్కువ కట్టానని 2024లో రాష్ట్రం తిరిగిచ్చిన 312 డాలర్ల సంగతి అందులో ఉంది. అమ్మాయి ముందు నాలుగడుగుల చెక్క, ఒక గాజు గోలీ, నా ఫోను. ఏటవాలు మీద గోలీ ఎలా దొర్లుతుందో చూడటం తన హోంవర్కు.

"మన డబ్బు మనకిచ్చి, మళ్ళీ దాని మీద పన్నా?" అంది మా ఆవిడ చారుకి పోపు పెడుతూ.

అన్నీ తెలిసినవాడిలా చెప్పాను. 2023లో రాష్ట్రానికి కట్టిన పన్నుని ఫెడరల్ రిటర్న్‌లో, అంటే కేంద్రానికిచ్చే పన్ను లెక్కలో, చూపించి మినహాయింపు పొందామా, వెనక్కొచ్చింది ఆదాయం కిందికి రావచ్చు. అలా విడివిడిగా ఏమీ చూపించకుండా, అందరికీ ఇచ్చే గంపగుత్త మినహాయింపు, స్టాండర్డ్ డిడక్షన్, తీసుకున్నామా, ఒక్క సెంటు మీద కూడా పన్ను లేదు.

"మరి మనం ఏది తీసుకున్నాం?"

పన్నుల సాఫ్ట్‌వేర్ కూడా అరగంట నుంచి నన్ను అదే అడుగుతోంది. ఆ ఏడు ఉగాది పచ్చడిలో ఉప్పు ఎక్కువైందని గుర్తుంది కానీ ఇది గుర్తులేదు.

"నాన్నా! ఒక అడుగు దొర్లడానికి ఒక సెకను. నాలుగడుగులకి రెండే!" అని అరిచింది అమ్మాయి. నాలుగు వందల ఏళ్ళ కింద గెలీలియో ఇదే కనిపెట్టాడనీ, స్టాప్‌వాచ్ లేక కారిన నీళ్ళు తూచి కాలం కొలిచాడనీ చెప్పాను. మధ్యలో నా చూపు చెక్క కిందికి పోయింది. ఎత్తు కోసం అది పెట్టుకున్న మూడు ఫైళ్ళలో మధ్యది 2023 పన్నుల ఫైలు!

టెన్షన్‌లో బుర్ర పనిచేయదు. ఫైళ్ళు మూడూ లాగేసి, పక్కనున్న కుక్కర్‌ని చెక్క కిందికి తోశాను. నాలుగంగుళాల ఎత్తు ఎనిమిదైంది. ఫోను వైపు చూస్తున్న అమ్మాయి, పాపం, గోలీ వదిలేసింది.

అది సర్రున జారి, అడ్డంగా పెట్టిన పెన్సిల్ డబ్బాని ఎగిరి దాటి, మా ఆవిడ అప్పుడే తెచ్చి పెట్టిన చారు గిన్నెలో బుడుంగుమని పడింది. చారు 1099-జీ మీద చిందింది. మూడు వందల పన్నెండు మీద సరిగ్గా ఒక కరివేపాకు.

ఫైలు తెరిచాను. ఖర్చులు విడివిడిగా చూపించే షెడ్యూల్-ఏ అనే కాగితం లేదు. ఇంటి లోను వడ్డీ, పదివేలకి మించి చూపించనివ్వని రాష్ట్ర, ప్రాపర్టీ పన్నులూ అన్నీ కలిపినా ఆ ఏడు దంపతులకిచ్చిన స్టాండర్డ్ డిడక్షన్ 27,700 దాటలేదు. అందుకని స్టాండర్డే తీసుకున్నాం. అంటే ఆ 312 ఫెడరల్ రిటర్న్‌లో ఎక్కడా రాయక్కర్లేదు. సాయంత్రం నుంచి కూర్చున్నదంతా ఈ చారు కాగితం కోసం.

"నాన్నా, ఎత్తు రెట్టింపైంది కానీ టైము సగం కాలేదు, ఒకటిన్నర సెకను దగ్గరుంది! ఇంకోసారి చేద్దామా?"

"ముందు గోలీ తీయండి," అంది మా ఆవిడ, గరిటె నా చేతిలో పెట్టి.