పిల్లలకు నాటకం అంటకుండా నాటకం నేర్పే పద్ధతి

వేసవి సెలవుల్లో 12 నుంచి 15 ఏళ్ల పిల్లలకు 10 రోజుల్లో నటన, కథ చెప్పడం నేర్పుతామని ఫ్లెక్సీలు కట్టిన నిర్వాహకులకు ఒక ప్రమాదం పొంచి ఉంది. పిల్లలకు నిజంగానే నాటకం పట్టుబడవచ్చు. అదే జరిగితే పదకొండో రోజు నుంచి ఇంట్లో ఎదురు ప్రశ్నలు మొదలవుతాయి, తల్లిదండ్రులు వచ్చి మన మీద పడతారు. కాబట్టి కొన్ని ముందుజాగ్రత్తలు.

అన్నిటికన్నా గట్టి రక్షణ రికార్డింగు. డైలాగులన్నీ పెద్దవాళ్లచేత చెప్పించి పెన్‌డ్రైవులో వేస్తే పిల్లలు పెదవులు కదిపితే చాలు. ఎదుటివాడు ఏమన్నాడో వినే బాధ తప్పుతుంది. చిన్న చిక్కు లేకపోలేదు: గద చెయ్యిజారి వింగులోకి దొర్లిపోయినా, స్పీకర్లో భీముడు "ఈ గదతోనే నిన్ను..." అని గర్జిస్తూనే ఉంటాడు. వాడు గద కోసం వంగితే నాలుగు డైలాగులు వెనకబడతాడు. వంగవద్దని ముందే చెప్పండి.

సొంత గొంతుతోనే చెప్పించాలనే ఛాదస్తులు కొందరుంటారు. వాళ్లు మైకు ఒక్కటే, అదీ స్టాండు మీద, వేదిక నడిమధ్యన పెట్టాలి. కౌరవులూ పాండవులూ రేషను క్యూలోలాగా వచ్చి ఎవరి వంతు వాళ్లు అప్పజెప్పి పోతారు. మనకు వాక్యంలో అసలు సంగతి చివర్న ఉంటుంది. పిల్లలు మింగేదీ ఆ చివరి మాటనే. "నేనా ఉత్తరం..." దాకా వినబడుతుంది. చించాడో, దాచాడో తెలియక హాలంతా ఉత్కంఠ! దీన్ని చెడగొట్టే అభ్యాసం ఒకటుంది: ఒకణ్ణి వెనక గోడ దగ్గర నిలబెట్టి, చివరి మాట వినబడితేనే చెయ్యెత్తమనడం. రోజూ పది నిమిషాలు చేయిస్తే వారం తిరక్కుండా మాట నిలబడుతుంది. దాని జోలికి పోకండి.

గొంతు మారుతున్న కుర్రాడికే కృష్ణుడి వేషం, పద్యాలతో సహా, ఇవ్వండి. హార్మోనియం మీద శ్రుతి దించితే పాపం పాడగలడు. కానీ మనం దించుకున్నది నెట్‌లో ట్రాకు కదా, దాని శ్రుతి దానిదే.

కథకు బుర్రకథ చవక. ముగ్గురి వేషాలకే అద్దె. అయితే జాగ్రత్త. అసలు బుర్రకథలో వంతలు, అంటే కథకుడికి అటూ ఇటూ నిలబడి వంతపాడే ఇద్దరు, కథకుడికి అడ్డుపడతారు, సందేహాలడుగుతారు, ఒకరు హాస్యమాడితే ఇంకొకరు ఊళ్లో సంగతులు కథలోకి లాగుతారు. అప్పట్లో మద్రాసు సర్కారూ, నిజాం సర్కారూ నిషేధించింది ఊరికే కాదు. అందుకని మన వంతలకు "తందాన తాన" తప్ప ఇంకో మాట ఇవ్వకూడదు. పొరపాటున సందేహం అడగనిస్తే వాడికి వీధి నల్లా గుర్తొస్తుంది. ముఖ్య అతిథిగా పిలిచిన కార్పొరేటరు గారు ముందు వరసలోనే ఉంటారు.

మీసానికి స్పిరిట్ గమ్ రాశాక కాసేపు ఆగి, జిగురెక్కాక అద్దాలి. తడిమీదే అంటిస్తే లైట్ల వేడికి చెమటపట్టి మొదటి రంగంలోనే ఊడి వేలాడుతుంది. అంటించెయ్యండి. జనం నిజంగా చప్పట్లు కొట్టేది అప్పుడే.

సర్టిఫికెట్లు మొదటి రోజే అచ్చేయించండి. చెట్టు వేషం కట్టినవాడి తండ్రి వచ్చి "మావాడు ఒక్క మాటైనా అనలేదేమండీ" అంటే, అది సాత్త్వికాభినయమని చెప్పండి. ఒంటితో, మాటతో, వేషంతో, మనసులోని భావంతో చేసే ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాల్లో ఆ చివరిదే కష్టం. వచ్చే వేసవికి దాని ఫీజు వేరు.