‘ఫొటోలు తీయరాదు’ బోర్డు గారికి ఒక విలేకరి విన్నపం

బోర్డు గారికి నమస్కారాలు.

పరకాల నుంచి జగిత్యాల దాకా ఏ కోర్టు గేటు దాటినా ముందు ఎదురయ్యేది మీరే కాబట్టి, ఏ ఊరి బోర్డుకు రాస్తున్నానో విడిగా చెప్పడం లేదు. హనుమకొండలో ఒక చౌరస్తా పేరే అదాలత్. కోర్టంటే భయభక్తులు లేని ప్రాంతం కాదు మాది.

‘కోర్టు ఆవరణలో ఫొటోలు, వీడియోలు తీయరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు’ అని మీ మాట. ఏ చట్టం కింద, ఎవరి ఉత్తర్వుతో అన్నది మాత్రం రాసుకోలేదు. అడుగుదామంటే మీకు నోరు లేదు. నోరున్న అటెండరు ‘బోర్డు చూడలేదా?’ అంటాడు. చూడటం కూడా అంత సులువేమీ కాదు. మీ మీద బార్ అసోసియేషన్ ఎన్నికల పోస్టరు అంటించారు. నల్లకోటులో నవ్వుతున్న అభ్యర్థి భుజం పక్క నుంచి ‘తీయరాదు’ ఒక్కటే బయటికి తొంగిచూస్తోంది. తీయకూడదు గానీ అంటించవచ్చన్నమాట.

మీ వైపు న్యాయం లేదని అనను. అత్యాచార బాధితురాలి ఆనవాలు బయటపెట్టడం 1983 నుంచి నేరమే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టమైతే బాధిత పిల్లల ఫొటోనే కాదు, బడి పేరు, వీధి పేరు కూడా వేయవద్దంటుంది. నిందితుడి మొహం పొద్దున్నే పేపర్లో పడ్డాక జైల్లో గుర్తింపు పరేడ్ పెట్టి లాభమేమిటి? సాక్షి పోల్చుకున్నది చూసిన మనిషినో, చూసిన పేపరునో ఎవరు తేల్చాలి? ఇంతవరకు మీతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా మీరు ఎవరిని ఆపుతున్నారన్న దగ్గరే. ఆ మధ్య ఒక హత్య కేసులో నిందితులను రిమాండుకు తెచ్చారు. మెడలో కెమెరా, చేతిలో అక్రిడిటేషన్ కార్డు ఉన్న మా ఫొటోగ్రాఫర్‌ను గేటు దగ్గరే నిలబెట్టేశారు. లోపల వ్యాను తలుపు తెరుచుకోగానే బంధువులు, వాయిదాలకు వచ్చినవాళ్లు, జెరాక్స్ కుర్రాడు, ఏ పనీ లేనివాళ్లు అందరి ఫోన్లూ పైకి లేచాయి. నిందితుల మొహాలకు తువ్వాళ్లు చుట్టే దించారు, అది బాగానే ఉంది. వేరే కేసులో సాక్ష్యానికి వచ్చి, వేపచెట్టు కింద సద్దిమూట విప్పుకుంటున్న ఒక పెద్దావిడకు మాత్రం తువ్వాలు ఎవరూ ఇవ్వలేదు. సాయంత్రానికల్లా ఆమె హంతకుడి తల్లిగా ఊళ్లోని ఫోన్లన్నీ తిరిగింది. చట్టానికి కట్టుబడ్డ మా పేపరు మర్నాడు కోర్టు భవనం పాత ఫొటో వేసుకుంది.

బ్రిటన్‌లో 1925 నాటి చట్టం కోర్టు హాల్లో బొమ్మ గీయడాన్ని కూడా నిషేధించింది. చిత్రకారులు కళ్లారా చూసి, బయటికొచ్చి జ్ఞాపకం మీద గీస్తారు. అంత కఠినమైనా దానికి ఒక పద్ధతి ఉంది. మన సుప్రీంకోర్టు విచారణల ప్రత్యక్ష ప్రసారానికి 2018లో ఒప్పుకుంది, 2022 సెప్టెంబరు నుంచి రాజ్యాంగ ధర్మాసనాల వాదనలు ఇంట్లో కూర్చుని చూస్తున్నాం. అదే కోర్టు 2025 సెప్టెంబరులో తన ఆవరణలోని అత్యంత భద్రత గల ప్రాంతంలో ఫొటోలు, రీల్స్ వద్దంది. విలేకరుల ఇంటర్వ్యూలకు, ప్రసారాలకు బయటి పచ్చికను చూపించింది. మాట తప్పిన విలేకరికి నెల రోజులు ఆ ప్రాంతంలోకి ప్రవేశం ఉండకపోవచ్చని కూడా చెప్పింది. ఎక్కడ, ఎవరికి, తప్పితే ఏమిటి, మూడూ కాగితం మీద ఉన్నాయి.

మీకు మళ్లీ రంగు వేయించే రోజు వస్తే రెండు వాక్యాలు కలిపించుకోండి: అనుమతి ఎవరిని అడగాలి, హద్దు ఎక్కడ మొదలవుతుంది. సున్నంతో ఒక గీత గీసినా చాలు, ఎండైనా వానైనా మా వాడు దాని అవతలే నిలబడతాడు. ఫోన్ల సంగతి మాత్రం మీరే గేటు కానిస్టేబుల్ గారితో మాట్లాడుకోవాలి. ఆ రోజు ఆయన ఫోను కూడా పైనే ఉంది.

ఇట్లు,
గేటు బయటి విలేకరి