అబర్డీన్ దివాలా తీసింది 1817లో, నష్టపోయింది 1551లో

స్కాట్లండ్‌లోని అబర్డీన్ నగర మండలి 1817లో అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. ఆ ఊరి చరిత్ర ఎవరు చెప్పినా ఈ దివాలా దగ్గర కాసేపు ఆగుతారు. అసలు నష్టం మాత్రం అంతకు 266 ఏళ్ల ముందే, పెద్ద గొడవేమీ లేకుండా జరిగిపోయిందని నా అభిప్రాయం.

1319లో రాజు రాబర్ట్ బ్రూస్ ఆ ఊరికి ఒక శాసనపత్రం ఇచ్చాడు. ఊరితో పాటు పక్కనున్న స్టాకెట్ అడవి కూడా ఊరిదే. బదులుగా ఏటా 213 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు కట్టాలి. ఆ అంకె ఎప్పటికీ మారదు. కాలం గడిచేకొద్దీ స్కాట్లండ్ నాణెం విలువ పడిపోయింది. 1603 నాటికి 12 స్కాట్స్ పౌండ్లు ఇస్తే ఒక ఇంగ్లిష్ పౌండు వచ్చేది. అంటే రాజుకు దక్కేది ఇంగ్లిష్ లెక్కలో 18 పౌండ్లు కూడా కాదు. ఊరికి ఇంతకంటే మంచి బేరం దొరకదు. డీ, డాన్ నదుల్లో సాల్మన్ చేపల వేట, పిండిమరలు, సంత సుంకాలు, భూముల కౌలు, అన్నీ కలిపి 'కామన్ గుడ్' అనే ఉమ్మడి నిధిలో పడేవి.

ఈ నిధిని ఎలా కాపాడాలో 1491 నాటి చట్టం స్పష్టంగానే చెప్పింది. ఊరి భూములు, చేపల వేట, మరలు మూడేళ్లకు మించి కౌలుకు ఇవ్వకూడదు. వచ్చిన డబ్బు ఊరి అవసరాలకే ఖర్చు పెట్టాలి. మూడేళ్లకోసారి కౌలు పెంచుకోవచ్చు కాబట్టి ధరలు పెరిగినా ఊరు మునగదు.

1551లో మండలి రాణి మేరీ పేరిట అనుమతి తెచ్చుకుని ఈ కట్టు తెంచుకుంది. భూములను, చేపల వేటను శాశ్వత కౌలుకు ఇచ్చేసింది. చేతికి కొంత డబ్బు, ఆపైన ఏటా మారని మొత్తం. సరిగ్గా తాను రాజుతో ఆడిన ఆటే, ఈసారి ఓడిపోయే వైపు కూర్చుని! ఆ తర్వాతి దశాబ్దాల్లో స్కాట్లండ్‌లో ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. కౌలు మాత్రం 1551 అంకె దగ్గరే ఉండిపోయింది.

శాశ్వత హక్కు ఇస్తేనే రైతు రాళ్లు ఏరి, గట్లు వేసి, పొలం బాగుచేస్తాడని ఒక వాదన ఉంది. నిజమే, కాదనను. కానీ హక్కు శాశ్వతమైనంత మాత్రాన కౌలు గడ్డకట్టాలని ఏముంది? అదే దేశంలో కొన్ని శాశ్వత కౌళ్లు ధాన్యం రూపంలో ఉండేవి. గింజల్లో వచ్చే కౌలును నాణెం విలువ పడిపోవడం పెద్దగా తాకలేదు. ఆ దారి ఎదురుగానే ఉన్నా మండలి పట్టలేదు. 1469 చట్టం ప్రకారం పాత మండలే కొత్త మండలిని ఎన్నుకునేది. భూములు ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు దాదాపు ఒకే వర్తక వర్గం. అలాంటి చోట కౌలు పెంచమని పట్టుబట్టేదెవరు?

ఆ భూముల చుట్టూ పాతిన సరిహద్దు రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పాతవాటి మీద సాసర్ లాంటి గుంట, తర్వాతి వాటి మీద అబర్డీన్‌కు గుర్తుగా 'ఏబీడీ' అక్షరాలు, వరుస సంఖ్య. చివరి రాయి పేరు ఒమెగా, అంటే గ్రీకు వర్ణమాలలో ఆఖరి అక్షరం. రాళ్లను మాత్రం అంత జాగ్రత్తగా చూసుకున్నారు.

ఇక 1817 సంగతి. 1800లో పార్లమెంటు అనుమతితో మండలి యూనియన్ స్ట్రీట్ మొదలుపెట్టింది. సెయింట్ కేథరిన్ కొండను తొలిచి, డెన్ బర్న్ లోయ మీద 130 అడుగుల ఒకే కమానుతో గ్రానైట్ వంతెన కట్టి, 1805కల్లా దారి తెరిచింది. వీధి పక్క ప్లాట్లు త్వరగా అమ్ముడుపోతాయనుకుని అప్పు చేసింది. అవి నెమ్మదిగా పోయాయి, వడ్డీ ఆగలేదు. ఖజానా అప్పులవాళ్ల ట్రస్టీల చేతికి వెళ్లింది. తప్పే, కానీ డబ్బు వీధిగా మారింది. నేటికీ ఊరికి అదే ప్రధాన వీధి. 1551లో ఇచ్చేసిన దానికి బదులు అలా చూపించడానికి ఏమీ లేదు.

అయినా గొడవ లేచింది దివాలా మీదే. 1819లో పార్లమెంటు కమిటీ స్కాట్లండ్ పట్టణాల లెక్కలు విచారించింది. 1833లో ఎడిన్‌బరో కూడా దివాలా తీసింది. అదే ఏడాది ఏటా 10 పౌండ్ల అద్దె విలువున్న ఇళ్లవాళ్లకు పట్టణ మండలి ఎన్నికల్లో ఓటు వచ్చింది. పాత శాశ్వత కౌళ్ల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. స్కాట్లండ్‌లో ఆ పద్ధతి పూర్తిగా రద్దయింది 2004 నవంబరు 28న. అప్పటికి మిగిలిన కౌళ్లకు పరిహారం కూడా ఆ మారని అంకె మీదే లెక్కగట్టారు. సుమారు 20 ఏళ్ల కౌలు, అదీ రెండేళ్లలోపు అడిగితేనే.